మిషను బాగయ్యేదాకా

పరంధామ విద్యానిలయం వరండాలో ఒక బెంచీ ఉంది. దాని వీపు మీద తెల్ల పెయింటుతో "తల్లిదండ్రుల కొరకు" అని రాసి ఉంది. తల్లిదండ్రులు మాత్రం నిలబడే ఉన్నారు, ఎందుకంటే బెంచీ మీద హెడ్మాస్టరుగారి క్రోటన్సు కుండీలు వరసగా కూర్చుని ఉన్నాయి. పాకాల నుంచి పొద్దున పాసింజరులో తిరుపతికి వచ్చిన సుబ్బులమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని ఆ కుండీల పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. పని కావలసిన మనిషి గనుక కుండీలను చూసి కూడా నవ్వు మొహమే పెట్టింది.

ఇంత దూరం వచ్చే ధైర్యం ఆమెకు గేటు మీద కట్టిన గుడ్డ బ్యానరు వల్లే వచ్చింది. పోయిన వారం ఎవరో చూసి వచ్చి చెప్పారు. సుబ్బులమ్మకు చదువు రాదు. లోపలికి వస్తూ కూతురు జ్ఞానాంబే దాన్ని చదివి చెప్పింది. "వికలాంగుల సంవత్సరం, పంతొమ్మిది వందల ఎనబై ఒకటి. వికలాంగులకు చేయూతనిద్దాం అని ఉండాది మా," అని. ఆ పిల్ల గొంతులో ఎత్తూ పల్లమూ ఉండవు. ఎంత గట్టిగా మాట్లాడుతోందో తనకు తెలియదు. గేటు దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూశారు. చూడనీ అనుకుంది సుబ్బులమ్మ. చేయూతనిస్తామని గుడ్డ మీద రాయించుకున్న వాళ్ళకు ఒక చెవిటి పిల్లను చేర్చుకోవడం ఎంతసేపు?

జ్ఞానాంబకు నాలుగేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. పిల్ల దక్కింది, చెవులు పోయాయి. డాక్టరు చూసి, బొత్తిగా పోలేదు, ఏదో కాస్త మిగిలి ఉందన్నాడు. ఆ కాస్తను నమ్ముకునే వాళ్ళు బతికారు. వాళ్ళాయన వెంకటముని రైల్వేలో గ్యాంగ్‌మన్. పాకాల దాటినాక రైలు గేటు దగ్గర క్వార్టర్సు, ఆ పక్క పల్లెలో ఒక చిన్నబడి. ఆ బడికి అయ్యవారు గోవిందయ్య.

గోవిందయ్య బడికి వస్తూ సైకిలు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన కుర్చీ దిగడు. వాకిలికి ఎదురుగా, వెలుతురు మొహాన పడేట్టు కుర్చీ వేయించుకుని పొద్దున కూర్చుంటే మళ్ళీ సాయంత్రం లేవడమే. పాఠం చెప్పినా, తిట్టినా, మెచ్చుకున్నా అక్కడి నుంచే. గొంతు మాత్రం గేటు అవతలికి వినబడేది. ఆ కుర్చీ ఎదుట మొదటి వరసలో కూర్చుని జ్ఞానాంబ ఐదు తరగతులూ చదివింది. ఊరికే చదవడం కాదు, ఐదింటిలోనూ అందరికంటే ముందుంది. ఆ ఘనతంతా తన గొంతుదేనని గోవిందయ్య నమ్మకం. సుబ్బులమ్మ నమ్మకమూ అదే.

"గట్టిగా సెప్తే సాలు సుబ్బులమ్మా, పిల్లకి అన్నీ ఎక్కుతాయి. హైస్కూల్లో కూడా అదే సెప్పు. గట్టిగా అరిసి సెప్పమను," అని ఆయన పంపించాడు.

హెడ్మాస్టరు సారంగపాణి గది చల్లగా, గంధం వాసనతో ఉంది. ఆయన వెనక గోడకు పెద్ద నల్ల పలక. ఏ ఏడు పదో తరగతిలో నూటికి ఎంతమంది పాసయ్యారో దాని మీద రాసి ఉంది. చివరి నాలుగేళ్ళూ నూటికి నూరే. ఆ నూటి కోసం తొమ్మిదో తరగతిలోనే ఎంతమందికి టీసీలిచ్చి సాగనంపారో రాయడానికి పలకలో చోటు లేదు కాబోలు. సారంగపాణి మొదట ఆ పలకను చూశాడు, తర్వాత సుబ్బులమ్మను చూశాడు. పిల్లను చూడలేదు.

"చెవుడా?" అన్నాడు.

"కొంచిం వినబడతాది సార్. గట్టిగా సెప్తే సాలు. ఐదులో మొదటి మార్కు."

"పల్లెటూరి బడిలో మొదటి మార్కు," అని ఆయన మెల్లిగా నవ్వాడు. "సరేలేమ్మా. ఈ ఏడాది మేము వికలాంగులను వద్దనేది లేదు. అందరితోపాటు పరీక్ష రాయించు. వస్తే సీటు, రాకపోతే లేదు. అందరికీ ఒకటే రూలు. అది న్యాయమా కాదా?"

న్యాయమే అనుకుంది సుబ్బులమ్మ. దండం పెట్టి, "సెప్పే సారును మటుకు గట్టిగా సెప్పమనండి సార్," అంది. సారంగపాణి చాలా దయగా తల ఊపి, సుందరరాజు అనే మాస్టరును పిలిచి, ఇదుగో ఈ పిల్ల ఉంది, గట్టిగా చెప్పవయ్యా అని ఆమె ఎదుటే చెప్పాడు. ఆ మాటకు సుబ్బులమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత సులువుగా కృతజ్ఞత పుట్టినందుకు తర్వాత ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆరో తరగతి ప్రవేశానికి ఆ స్కూల్లో డిక్టేషనే ముఖ్యం. మాస్టరు పుస్తకం చూసి చెప్తాడు, పిల్లలు కాగితం మీద రాస్తారు. పెద్ద గదిలో నలభైమంది దాకా పిల్లల్ని కూర్చోబెట్టారు. జ్ఞానాంబ మూడో వరసలో, కిటికీ వైపు. కిటికీ బయట సుబ్బులమ్మ, చువ్వలు పట్టుకుని.

సుందరరాజు కుర్రవాడు, ఒకచోట నిలబడే రకం కాదు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో బెత్తం, బెంచీల మధ్య ముందుకు పోయి వెనక్కి వస్తూ, ఒకరి కాగితం ఒకరు చూడకుండా కాపలా కాస్తూ చెప్తాడు. అక్కడ మాస్టర్లందరి పద్ధతీ అదే. హెడ్మాస్టరు చెప్పినట్టు గట్టిగానే చెప్పాడు. పాపం, గొంతు చించుకున్నాడు. క్రోటన్సు కుండీల దాకా వినబడింది.

సుబ్బులమ్మకు రాతేమిటో తెలియదు గానీ చెయ్యి కదలడం తెలుస్తుంది. కూతురి చెయ్యి గబగబా కదిలింది, ఆగింది. ఆమె గుండె కూడా ఆగింది. చెయ్యి మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. ఆగినప్పుడు పిల్ల తలెత్తి, పెన్సిలు పట్టుకుని, నల్లబల్ల వైపు ఊరికే చూస్తూ కూర్చుంది. అక్కడ ఎవరూ లేరు. సుందరరాజు వెనక గోడ దగ్గరున్నాడు. అక్కడి నుంచి పెద్దగా అరుస్తున్నాడు. ఆయన తిరిగి ముందుకు వచ్చేసరికి పిల్ల కళ్ళు ఆయన మొహాన్ని అందుకున్నాయి, చెయ్యి పరిగెత్తింది. ఆయన దాటి వెనక్కి పోయాడు. చెయ్యి ఆగిపోయింది.

సుబ్బులమ్మ చువ్వలు వదిలేసింది. ఏడేళ్ళుగా తాను ఈ పిల్లతో ఏం మాట్లాడినా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకునే మాట్లాడుతోంది. పరధ్యానం పిల్ల, తిప్పుకోకపోతే వినదు అనుకుంది. పిల్ల వినడం లేదు, చూస్తోంది. తన పెదాలనూ, వాళ్ళ నాయన పెదాలనూ చూస్తోంది. కదలని కుర్చీలో, వెలుతురులో కూర్చున్న గోవిందయ్య పెదాలను ఐదేళ్ళు చూసింది. గట్టిగా అరవమని తాను హెడ్మాస్టరుకు దండం పెట్టి మరీ అడిగింది. అడగవలసింది అది కాదు. సర్వనాశనం చేశాను గదా అనుకుంది.

పరీక్ష కాగానే ఆమె మళ్ళీ ఆ గంధం గదిలోకి పోయింది. ఈసారి ఎవరూ పిలవలేదు.

"సార్, నేను తప్పు సెప్పినాను. గట్టిగా సెప్పే పన్లేదు. ముందర నిలబడి సెప్తే సాలు. పిల్ల మొగం సూసి రాస్తాది. మెల్లిగా సెప్పినా రాస్తాది. ఇంగొక్కసారి పెట్టండి సార్, ఒక్క పేరా."

సారంగపాణి ఓపికగా విన్నాడు. ఓపికగా వినడం ఆయనకు చేతనైన విద్యల్లో ఒకటి.

"గట్టిగా చెప్పమంటివి, చెప్పించాము. ఇప్పుడు నిలబడి చెప్పమంటావు. రేపు కూర్చుని చెప్పమంటావు. మాస్టరు నడవకపోతే మిగతా నలభైమందీ కాపీలు కొడతారమ్మా. ఒక్క పిల్ల కోసం నలభైమందిని చెడగొట్టమంటావా?"

"పరీచ్చలో కాదు సార్, పాటం సెప్పేటప్పుడు..."

"పాఠమైనా అంతే. మా మాస్టర్ల కాళ్ళకు గొలుసు వేయమంటావా ఏం?" తన మాటకు తానే నవ్వుకున్నాడు. "ఇట్లాంటి పిల్లలకు ప్రత్యేకంగా బళ్ళున్నాయి. యాడో విచారించుకో. ఇది నూటికి నూరు వచ్చే స్కూలు."

బయటికి వచ్చేటప్పుడు గేటు మీద బ్యానరు గాలికి ఎగురుతూ ఆమె తలకు తగిలింది. దాన్ని చేత్తో పక్కకు నెట్టింది. చేయూత, తన నెత్తి మీద కొట్టేంత దగ్గరగా వచ్చింది అనుకుంది.

ఇంటికి వచ్చి చెప్తే వెంకటముని అన్నం కలుపుతూ విన్నాడు. "గోవిందయ్య సారు ఆరో తరగతి పుస్తకాలు కూడా తానే సెప్తానంటాడు. ప్రైవేటుగా రాయించొచ్చంట గదా," అన్నాడు చివరికి. ఆమె ఊరుకోలేదు. పల్లెలో పాపకంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్లకాయలంతా సంచులు తగిలించుకుని రైలెక్కుతుంటే, ఈ పిల్ల ఒక్కతే ముసలాయన కుర్చీ ముందు కూర్చోవడమా? అసలు ఎందుకు కూర్చోవాలి? ఒక మనిషి ఒకచోట నిలబడనందుకా?

జులై నెలలో ఒకరోజు ఆ స్కూలు ప్యూను ఎల్లప్ప రైలు దిగి, గేటు దగ్గర వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. హెడ్మాస్టరుగారు పిల్లను తీసుకుని వెంటనే రమ్మన్నారట. ఎందుకో తనకు తెలియదన్నాడు గానీ, మొహం చూస్తే తెలుసనే అనిపించింది.

సారంగపాణి ఈసారి లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. పిల్లను మొదటిసారి చూసి, "బాగుంది పాప, కళ గల మొహం," అన్నాడు. సంగతేమంటే, వికలాంగుల సంవత్సరం పేరు మీద వచ్చే శుక్రవారం స్కూల్లో సభ. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడు. ధర్మకర్త పరంధామయ్యగారు తన డబ్బుతో మద్రాసు నుంచి వినికిడి మిషను తెప్పించారు. దాన్ని ఆఫీసరు చేతుల మీదుగా ఒక పిల్లకు తగిలించాలి. తీరా చూస్తే స్కూల్లో అలాంటి పిల్లలు ఒక్కరూ లేరు. ఎలా ఉంటారు, ఉండనిస్తే గదా.

"ఆ రోజు పాపను తీసుకొని రా. సభ కాగానే సీటు. నా మాట నమ్ము," అన్నాడు. "ఒక చిన్న పని మటుకు ఉండాది. మిషను పెట్టినాక నేను పాప వెనకాల నిలబడి ఒక వాక్యం చెప్తా. పాప దాన్ని నల్లబల్ల మీద రాయాలి. అప్పుడు గదా అందరికీ తెలిసేది, పనిచేస్తా ఉండాదని."

"ఎనకాల నిలబడితే పాప..."

"అందుకే వాక్యం ముందే చెప్తా ఉండాను. 'నాకు ఇప్పుడు వినిపిస్తున్నది.' అంతే. ఇంట్లో నేర్పించు. నువ్వు ముందు వరసలో కూర్చుంటావు. నేను చెప్పగానే నువ్వు తల ఊపు, పాప రాస్తుంది."

మిషనును టేబుల్ మీద పెట్టి చూపించాడు. జేబులో పెట్టుకునే చిన్న డబ్బా, దానికి వైరు, వైరు చివర చెవిలో పెట్టే గుండీ. జ్ఞానాంబకు పెట్టి చూశారు. ఏమైనా తెలుస్తోందా అని తల్లి అడిగితే, "గరగరమంటాది మా, మాట లేదు," అంది ఆ పిల్ల. సారంగపాణి అది విననట్టే వైరు చుట్టి డబ్బాలో పెట్టేశాడు.

సుబ్బులమ్మ ఆ డబ్బాను చూసింది, కూతుర్ని చూసింది. అయినా సరేనంది. సీటు అన్న మాట చెవిన పడ్డాక ఆమె కాదనలేకపోయింది.

ఇంట్లో నేర్పించడం మొదలుపెట్టింది. గడ్డం పట్టుకుని, మొహం తిప్పుకుని, తన నోటితో ఆ వాక్యం చెప్పింది. పిల్ల పలక మీద రాసి చూపింది. తర్వాత అడిగింది, "నాకు వినిపించడం లేదు గదా మా. ఎందుకు రాయాల?"

"సీటిస్తారంట. రాయి."

"అబద్ధం రాస్తే గోవిందయ్య సారు కొడతాడు."

"రాయమంటే రాయి," అని సుబ్బులమ్మ కసిరింది. పెదాలు కసిరినట్టు కదలడం చూసి పిల్ల తల వంచుకుని మళ్ళీ రాసింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే. ఆ రోజుల్లో సుబ్బులమ్మకు అన్నం సహించలేదు. ఎన్నో పస్తులు చూసిన మనిషి, ఆకలికి ఎప్పుడూ మొహం అలా పెట్టలేదు. ఇది వేరు. తన నోటితో తన బిడ్డకు అబద్ధం తినిపిస్తున్నట్టుంది.

శుక్రవారం స్కూలు ఆవరణలో షామియానా వేశారు. ఆఫీసరు రావడం ఆలస్యమైంది. ఎండలో పిల్లలు కూర్చున్నారు, నీడలో పెద్దలు కూర్చున్నారు. ఇంకో స్కూలు నుంచి పోలియో పిల్లాణ్ణి ఒకణ్ణి ఈ సభ కోసం అడిగి తెచ్చారు. వాడికి ఒక దుప్పటి, రెండు అరటిపండ్లు ఇవ్వాలి. స్టేజీకి అయిదు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. వాడు కాలి ఇనుములు చప్పుడవుతుండగా ఒక్కో మెట్టే ఎక్కి, దుప్పటి తీసుకుని దిగాడు. ఫోటోగ్రాఫరు సరిగ్గా పడలేదన్నాడు. సారంగపాణి ఆ పిల్లాణ్ణి, "ఇంకొక్కసారి నాయనా, నవ్వుతూ," అని మళ్ళీ ఎక్కించాడు. వాడు మళ్ళీ ఎక్కాడు. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. సుబ్బులమ్మ చేతులు ఒళ్ళోంచి లేవలేదు. ఛీ అనుకుంది. ఈ మనుషుల అన్నం ఈ మనుషులకు ఎలా అరుగుతుందో అనుకుంది. వెంటనే తానూ ముందు వరసలో, వాళ్ళు వేసిన కుర్చీలో కూర్చుని ఉన్నానని గుర్తొచ్చి తల వంచుకుంది.

తర్వాత జ్ఞానాంబను పిలిచారు. ఆఫీసరు లావుపాటి మనిషి, చెడ్డవాడిలా లేడు. నవ్వుతూ పిల్ల చెవిలో గుండీ పెట్టాడు. ఫోటో తీశారు. సారంగపాణి మైకులో, పరంధామయ్యగారి దాతృత్వం వల్ల ఒక బధిర బాలిక జీవితంలో శబ్దం అనే దీపం వెలిగిందని, ఇంకా ఏవేవో అన్నాడు. ఆ తర్వాత పిల్లను నల్లబల్ల దగ్గర జనం వైపు తిప్పి నిలబెట్టి, తాను వెనక్కి పోయి, చక్కగా, మెల్లిగా, "నాకు ఇప్పుడు వినిపిస్తున్నది," అన్నాడు.

జ్ఞానాంబ తల్లిని చూసింది. సుబ్బులమ్మ తల ఊపింది. పిల్ల బల్ల వైపు తిరిగి గుండ్రటి అక్షరాలతో రాసింది. షామియానా అదిరేట్టు చప్పట్లు. పరంధామయ్య ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. అంతా ఇలా అయిపోయి ఉంటే, సుబ్బులమ్మ ఆ రోతను మింగి, సీటు తీసుకుని, ఇంటికి పోయి ఉండేది.

కానీ ఆఫీసరుకు ఉత్సాహం వచ్చింది. "అద్భుతమండీ. అయితే ఈ అమ్మాయికి క్లాసులో ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ అక్కర్లేదన్నమాట?" అని మైకు దగ్గరే అడిగాడు.

"ఏమీ అక్కర్లేదు సార్," అన్నాడు సారంగపాణి. "చిట్టచివరి బెంచీలో కూర్చోబెట్టినా వింటుంది. మాస్టరు ఎక్కడ నిలబడి చెప్పినా ఒకటే. ఇక చెవిటి పిల్ల అనే మాటే లేదు."

సుబ్బులమ్మ ఆ మాట విన్నది. సీటు వస్తుంది, చివరి బెంచీలో. మాస్టరు బెంచీల మధ్య తిరుగుతాడు. పిల్ల ఖాళీ నల్లబల్లను చూస్తూ కూర్చుంటుంది. అడిగితే, మిషనుంది గదా అంటారు. మార్కులు రాకపోతే మొద్దు పిల్ల అంటారు. తొమ్మిదిలో టీసీ ఇస్తారు. ఆ పిల్లకు కావలసిన ఒకే ఒక్క సాయాన్ని, ఈ నాలుగు రోజులూ గడ్డం పట్టుకుని నేర్పించి, తన చేతులతో తానే పూడ్చిపెట్టింది.

"నేను కూడా ఒకటి చెప్తానుండండి," అని ఆఫీసరు లేచాడు. సారంగపాణి మొహంలో రంగు పోయింది. ఎందుకు సార్, ఆలస్యమవుతోంది, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి అన్నాడు. ఆఫీసరు వినిపించుకోకుండా పిల్ల వెనక్కి పోయి, "నీ పేరేంటమ్మా, ఏ ఊరు మీది? రాయి," అన్నాడు.

జ్ఞానాంబ తల్లిని చూసింది. నేర్పిన వాక్యం అయిపోయింది, ఇంక రాయడానికి ఏమీ లేదు. సారంగపాణి కూడా సుబ్బులమ్మనే చూశాడు. కానీమ్మా, నువ్వు చెప్పు అని కళ్ళతోనే బతిమాలాడు. నూటికి నూరు పలక కింద కూర్చునే మనిషి, పల్లెటూరి ఆడమనిషి పెదాల కోసం కాచుకున్నాడు. చెప్పడం ఆమెకు ఎంతసేపు? పేరు, ఊరు, రెండు మాటలు. సీటు ఖాయం.

సుబ్బులమ్మ కుర్చీలో ముందుకు జరిగి, మొహం ఎత్తి, నోట్లోంచి గాలి కూడా రాకుండా పెదాలతో చెప్పింది. పిల్ల ఒక్క క్షణం తల్లిని తేరిపార చూసింది. నిజమేనా అన్నట్టు కనుబొమలు ఎత్తింది. సుబ్బులమ్మ ఇంకోసారి చెప్పింది.

జ్ఞానాంబ బల్ల వైపు తిరిగి, పాత వాక్యం కింద రాసింది: "ముందుకొచ్చి చెప్పండి సార్."

ముందు కూర్చున్న పిల్లలు చదివి కిసుక్కున నవ్వారు. పెద్దల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారంగపాణి డస్టరు కోసం వెతికాడు. ఆఫీసరు ఆ అక్షరాలను రెండుసార్లు చదివి, ఏదో తోచినవాడిలా చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, పిల్ల ఎదుట వంగి నిలబడ్డాడు. మైకు లేదు. గొంతు కూడా ఎత్తలేదు. మామూలుగా అడిగాడు. ఆయన మూసిన నోరు మళ్ళీ తెరవకముందే జ్ఞానాంబ రాసేసింది: తన పేరు, తమ ఊరు, తమ జిల్లా, పిన్‌కోడుతో సహా.

సుబ్బులమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఇప్పుడు తెలిసింది గదా. ఇంతమంది ఎదుట, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు తెలిసింది. ఇంక ఎవరూ కాదనలేరు. 

ఆఫీసరు నడుము నిలబెట్టి, చాలా తెలివిగా తల ఊపాడు.

"అర్థమైంది. మిషను ముందు వైపు నుంచే పనిచేస్తోంది. వెనక నుంచి పట్టడం లేదు. ఏదో లోపముంది. మద్రాసు పంపించి రిపేరు చేయించండి," అన్నాడు.

"అవును సార్, వెంటనే," అన్నాడు సారంగపాణి. పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టు నవ్వాడు. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఎల్లప్ప బల్ల తుడిచేశాడు. పెద్దలు భోజనాలకు లేచారు.

పప్పు, పులిహోర వాసన వరండా అంతా నిండాక, సారంగపాణి తాంబూలం నములుతూ గదిలోకి వచ్చాడు. తల్లీ బిడ్డా అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన బాగానే ఉన్నాడు. కోపం కూడా లేదు, కోపగించుకునేంత నష్టం ఆయనకు జరగలేదు.

"తొందరపడి పిచ్చి రాతలు రాయించినావు. సరే, పోనీలే. మంచికే అయింది," అన్నాడు. "సారు ఏమన్నారో విన్నావు గదా. మిషను మద్రాసు పోవాలి. అది బాగయ్యేదాకా సీటు సంగతి ఆపుదాం. చెడిపోయిన మిషనుతో పిల్లను క్లాసులో కూర్చోబెడితే రేపు మాట వచ్చేది మాకు. వచ్చే ఏడు చూద్దాం."

"మిషను వల్ల కాదు సార్, మొగం సూసి రాసింది. మీ కండ్లతో మీరే సూస్తిరి. ముందుకొచ్చి అడిగితే రాసింది."

"అదేనమ్మా నేను చెప్పేది. ముందు వైపు పనిచేస్తోంది. వెనక వైపు రావాలి."

సుబ్బులమ్మ ఆయన మొహాన్ని చూసింది. ఎర్రటి నోరు, శుభ్రమైన తెల్ల చొక్కా, ఎక్కడా ఒక మరక లేదు. అర్థం కాక అంటున్నాడా, అర్థమై అంటున్నాడా అని వెతికింది. రెండింటికీ తేడా లేదని తెలిసింది.

ఎవరూ చెప్పకుండానే జ్ఞానాంబ చెవిలోంచి గుండీ తీసింది. ఆయన ఎదురుగానే నిలబడి మాట్లాడాడు గనుక ఆ పిల్లకు ఒక్క మాట కూడా తప్పిపోలేదు. వైరు చిక్కుపడకుండా చుట్టి, డబ్బా పక్కన పెట్టి, డబ్బాను టేబుల్ మీద ఆయనవైపు జరిపింది.

"అది బాగైనాక దాన్నే సేర్చుకోండి సార్," అంది సుబ్బులమ్మ. "ఎనక బెంచీలోనే కూసోబెట్టండి. నా బిడ్డకేం రిపేరు లేదు."

సారంగపాణి ఏదో అనబోయి, నోటినిండా తాంబూలం ఉండడం వల్ల అనలేకపోయాడు. ఆమె ఆయన ఉమ్మి వచ్చేదాకా ఆగలేదు.

వరండా చివర కొళాయి ఉంది. సుబ్బులమ్మ అక్కడ ఆగి, దోసిలితో నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించింది. ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. నాలుగు రోజులుగా ఆ నోటితో చెప్పిన వాక్యం ఇంకా పళ్ళ సందుల్లో ఇరుక్కుని ఉన్నట్టే ఉంది. జ్ఞానాంబ క్రోటన్సు కుండీల దగ్గర నిలబడి, ఒక కుండీని రెండు చేతులా ఎత్తి కింద పెట్టి, ఖాళీ అయిన చోట దర్జాగా కూర్చుని తల్లి కోసం కాచుకుంది.

కొంగుతో మూతి తుడుచుకుని సుబ్బులమ్మ కూతురి దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకోబోయి ఆగింది. పిల్ల అప్పటికే తనవైపు చూస్తోంది. ఎన్నాళ్ళ నుంచి అలా చూస్తోందో, అనవసరంగా గడ్డం పట్టుకుని తిప్పినవి ఎన్నిసార్లో.

"పా, రైలుకు టయమవతా ఉండాది," అంది.

"గోవిందయ్య సారుకు ఏమని సెప్దాం మా? నాకు సీటు రాలేదనా?"

సుబ్బులమ్మ పిల్ల ఎదుట సరిగ్గా నిలబడింది, వెలుతురు తన మొహాన పడేట్టు.

"సదువు సెప్పింది ఆయన గొంతు కాదంట, ఆయన కుర్సీ అంట, అని సెప్దాం," అంది.